నాన్నగారి పేరు ముందు ‘డా.’ అచ్చు వేయించాలా, వద్దా?

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలు. ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ ఎనిమిదేళ్లు కష్టపడి జానపద సాహిత్యంలో పీహెచ్.డి. పూర్తి చేశారు. వారి నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. సెలవుల్లో ఊరూరా తిరిగి నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు సేకరించి, సొంత డబ్బుతో రెండు చిన్న పుస్తకాలు వేశారు. ఆ పట్టణంలో గ్రంథాలయం ఇంకా తెరిచి ఉందంటే అందుకు కారణం ఆయనే.

ఆయనకు డెబ్బై ఐదేళ్లు నిండిన సందర్భంలో, పేరులో ‘ఇంటర్నేషనల్ యూనివర్సిటీ’ అని ఉన్న ఒక సంస్థ హైదరాబాదులోని ఒక హోటల్లో సభ పెట్టి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. గౌను, కుచ్చుటోపీ, శాలువా, ఫోటోలు అన్నీ అయ్యాయి. ఇంటి గుమ్మం పక్కన ‘డా.’తో కొత్త నేమ్‌బోర్డు వెలిసింది, గ్రంథాలయం లెటర్‌హెడ్ మారింది. ఆ బోర్డు చూసి ఒక పెద్దావిడ జ్వరంతో ఉన్న మనవణ్ణి చంకనేసుకుని వచ్చి అరుగు మీద కూర్చుందట. పాత విద్యార్థులు వచ్చే నెలలో అభినందన సభ తలపెట్టారు. ఆహ్వాన పత్రిక ప్రూఫు దిద్దమని, అభినందన సంచికకు ముందుమాట రాయమని ఈమెనే అడిగారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ డాక్టరేట్ కోసం ఈమె అన్నయ్య ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ పేరుతో నలభై వేల రూపాయలు కట్టారు. నాన్నగారికి పుట్టినరోజు కానుకగా ఉంటుందని ఆయన అనుకున్నారు. నాన్నగారికి మాత్రం ఈ సంగతి తెలియదు. తన పాటల సేకరణ చూసి ఎవరో తనను వెతుక్కుంటూ వచ్చారనే ఆయన నమ్మకం. భర్త “పెద్దాయన ముచ్చట, వదిలెయ్” అంటున్నారు. కళాశాలలో ఒక సహోద్యోగి “మీ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు డాక్టర్లన్నమాట” అన్న మాట ఈమెకు గుచ్చుకుంది. ఆ డాక్టరేట్‌కు విలువ ఉందా, పేరు ముందు ‘డా.’ పెట్టుకోవచ్చా, నాన్నగారితో ఎలా మాట్లాడాలి, ముందుమాట రాయాలా వద్దా అన్నవి ఆమె ప్రశ్నలు. చివర్లో ఒక వాక్యం కొట్టేసి మళ్లీ రాశారు: “నాకున్నది బాధో, అసూయో నాకే తెలియడం లేదు.”

అమ్మా,

ముందు ఆ చివరి వాక్యం గురించే మాట్లాడుకుందాం. ఎనిమిదేళ్లపాటు పర్యవేక్షకుల చుట్టూ తిరిగి, సిద్ధాంత వ్యాసం రాసి, తిరగరాసి, వైవాలో బయటి పరీక్షకుల ఎదుట కూర్చుని సంపాదించుకున్న రెండక్షరాలు ఒక హోటల్ సభలో డబ్బుకు దొరుకుతున్నాయని తెలిసినప్పుడు మనసు కలుక్కుమనడం సహజం. దాన్ని అసూయ అనుకుని మీరు తలవంచుకోనక్కరలేదు. అయితే ఆ బాధ మీ నాన్నగారి మీదకు మళ్లకుండా చూసుకోండి. ఆయన మీ డిగ్రీని తక్కువ చేయలేదు. ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చారు, అది నిజమేనని ఆయన నమ్మారు. ఈ క్షణానికి ఆయన మోసపోయిన మనిషి, అంతే. విషయం తెలిశాక కూడా ఆ అక్షరాలు వాడుకుంటే అప్పుడు మాట మారుతుంది. ఆయనకు తెలియజెప్పడం ఎందుకు అవసరమంటే ఇందుకే. తెలియకుండా ఉంచినంత కాలం నిర్ణయించుకునే అవకాశమే ఆయనకు లేదు.

ఇక ఆ కాగితం విలువ. మన దేశంలో డిగ్రీలు ఇచ్చే అధికారం ఎవరికి ఉందో 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. కేంద్ర చట్టం ద్వారా గానీ రాష్ట్ర చట్టం ద్వారా గానీ ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, అదే చట్టం 3వ సెక్షన్ కింద డీమ్డ్ హోదా (విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా) పొందిన సంస్థలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే ఇవ్వగలవు. ఈ విధంగా ఏర్పడని సంస్థ తన పేరులో ‘యూనివర్సిటీ’ అన్న మాట తగిలించుకోవడాన్ని 23వ సెక్షన్ నిషేధిస్తుంది. చదివించి పట్టా ఇచ్చే అధికారమే లేని సంస్థకు గౌరవంగా పట్టా ఇచ్చే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంత స్పష్టంగా ఉన్నా ఈ వ్యాపారం ఎందుకు ఆగడం లేదంటే, ఉల్లంఘనకు 24వ సెక్షన్ చెప్పే జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. ఒక్కొక్కరి దగ్గర నలభై వేలు వసూలు చేసేవారిని ఆ వెయ్యి రూపాయలు భయపెట్టవు. ఇది సరిదిద్దవలసిన చట్టమని నా గట్టి అభిప్రాయం.

మీరు పంపిన సర్టిఫికెట్ ఫోటోను పెద్దది చేసి చూశాను. అడుగున వరుసగా ముద్రలున్నాయి: ఐఎస్ఓ, ఎంఎస్ఎంఈ, నీతి ఆయోగ్. చూసేవారికి ప్రభుత్వమే వెనక నిలబడి ఉందనిపిస్తుంది. కానీ ఐఎస్ఓ ధ్రువపత్రం ఒక సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది, ఎంఎస్ఎంఈ నమోదు చిన్న వ్యాపారాలకు ఉద్దేశించినది, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో స్వచ్ఛంద సంస్థలు తమ వివరాలు నమోదు చేసుకుంటాయి. ఈ మూడింటిలో ఏదీ డాక్టరేట్ ఇచ్చే అధికారాన్ని ఇవ్వదు. సంతకాలు చూడండి: ఒకటి ‘ఫౌండర్ ఛైర్మన్’, రెండోది ‘ఇండియా డైరెక్టర్’. ఉపకులపతి లేరు, రిజిస్ట్రార్ లేరు, ఏ పాలకమండలి ఏ తేదీన తీర్మానించిందన్న ప్రస్తావన లేదు. తమది విదేశీ విశ్వవిద్యాలయమని వారు వాదించవచ్చు. విదేశంలో ఒక కంపెనీగా నమోదు కావడం వేరు, ఆ దేశపు విద్యా వ్యవస్థ గుర్తించిన విశ్వవిద్యాలయం కావడం వేరు. అన్నిటికంటే ముఖ్యం, నిజమైన విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ కోసం అది అందుకునే మనిషి దగ్గర రుసుము వసూలు చేయదు. మీ తృప్తి కోసం యూజీసీ వెబ్‌సైట్‌లోని గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల జాబితాలో, అలాగే అక్కడే ఉంచే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆ పేరు వెతకండి. ఒక్క జాగ్రత్త: నకిలీల జాబితాలో పేరు కనిపించనంత మాత్రాన అది అసలుదైపోదు. మొదటి జాబితాలో ఉండటమే లెక్క.

అసలైన గౌరవ డాక్టరేట్ సంగతి వేరు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దానికి పాలక సంస్థల సిఫారసు, కులపతి ఆమోదం, స్నాతకోత్సవంలో బహిరంగ ప్రదానం అన్న క్రమం ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953లో అంబేడ్కర్‌కు గౌరవ డి.లిట్. (డాక్టర్ ఆఫ్ లెటర్స్) ఇచ్చింది. కొలంబియాలో పీహెచ్.డి., లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డి.ఎస్సీ. చేసిన మనిషికి ఆ గౌరవంతో కొత్తగా ‘డాక్టర్’ అన్న మాట అవసరం లేదు. అయినా ఆ డి.లిట్.ను ఆయన జీవిత విశేషాల్లో ఇచ్చిన సంస్థ పేరుతో, సంవత్సరంతో సహా చెప్పుకుంటాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం అదే గౌరవాన్ని ‘కళాప్రపూర్ణ’ అన్న పేరుతో ఇచ్చింది. 1938లో గిడుగు రామమూర్తి పంతులు గారు అందుకున్నారు, 1970లో గుర్రం జాషువా గారు అందుకున్నారు. ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పినవారే. ‘కళాప్రపూర్ణ జాషువా’ అని చదివినప్పుడు ఆయన పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నారనీ ఎవరూ భ్రమపడలేదు, ఆయన వైద్యుడనీ అనుకోలేదు. ఎవరు, ఎందుకు గౌరవించారో ఆ పిలుపులోనే తెలిసిపోయింది. గౌరవ పట్టాను లోకం ముందు చెప్పుకోవడానికి మన వాళ్లు ఏనాడో వేసిన ఈ దారి నాకు ఎంతో మర్యాదైనదిగా కనిపిస్తుంది.

అందువల్ల మీ నాన్నగారికి రేపు ఒక నిజమైన విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చినా నా సలహా ఇదే: పేరు ముందు ‘డా.’ వద్దు. పేరు తర్వాతనో పరిచయ వాక్యంలోనో ‘గౌరవ డి.లిట్.’ అని, ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు, సంవత్సరం కలిపి రాయాలి. విశ్వవిద్యాలయాల లోకంలో స్థిరపడిన ఆనవాయితీ కూడా అదే. పద్మ పురస్కారాల విషయంలో సుప్రీంకోర్టు 1995లో బాలాజీ రాఘవన్ కేసులో, అవి రాజ్యాంగం 18వ అధికరణం నిషేధించిన బిరుదులు కావంటూనే, పేరుకు ముందూ వెనకా తగిలించుకోరాదని చెప్పింది. సినిమా టైటిల్స్‌లో ‘పద్మశ్రీ’ అని వేసుకున్నందుకు మన తెలుగు నటుల మీదే హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. అదే 18వ అధికరణం విద్యాసంబంధమైన విశిష్టతలను నిషేధం నుంచి మినహాయించింది కాబట్టి డాక్టరేట్ల సంగతి అచ్చంగా అదే కాదు. అయినా ఆ తీర్పు వెనకనున్న ఆలోచన ఇక్కడా పనికొస్తుంది: గౌరవం అందుకోవడం ఒకటి, దాన్ని పేరులో భాగం చేసుకోవడం మరొకటి.

మీ నాన్నగారు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. “సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని డాక్టర్ అనలేదా? ఆయనవి గౌరవ డాక్టరేట్లు కావా?” అంటారు. తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. రాధాకృష్ణన్ గారు చదివి తెచ్చుకున్న పట్టా ఎం.ఏ., డాక్టరేట్లు గౌరవంగా వచ్చినవే, దేశమంతా ఆయనను డాక్టర్ రాధాకృష్ణన్ అనే పిలిచింది. సంగీతంలో, సినిమాల్లో కూడా అలా పిలిపించుకున్న మహానుభావులున్నారు. అంటే ఆనవాయితీని లోకం అన్నివేళలా పాటించలేదని ఒప్పుకోవాలి. కానీ వారికి ఆ పట్టాలు ఇచ్చినవి నిజమైన విశ్వవిద్యాలయాలు. పైగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా పనిచేసిన మనిషి విద్వత్తు గురించి ‘డా.’ చూసి ఎవరూ కొత్తగా అంచనా వేసుకోలేదు. మీ పట్టణంలో ఆ నేమ్‌బోర్డు చదివేవారికి అలాంటి ఆధారం లేదు. జ్వరంతో ఉన్న బిడ్డను తెచ్చిన పెద్దావిడ ఆ రెండక్షరాలనే నమ్ముకుని వచ్చింది. మీ నాన్నగారు వైద్యం చేస్తానని ఎక్కడా అనలేదు, నిజమే. ఆమె మాత్రం ఆస్పత్రికి వెళ్లవలసిన సమయం కాస్త మీ అరుగు మీద పోగొట్టుకుంది. మిగతా విషయాల్లో ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ బోర్డు మాత్రం ఈ వారమే మారాలి. మీ ఉత్తరం మొత్తంలో నేను ఖచ్చితంగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే. మిగిలినవాటిలో మీకు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖరీదు ఉంది.

మీ భర్త చెప్పినట్టు ఊరుకోవడం ఒక దారి. అందులో దయ ఉంది, నేను కాదనను. సభ జరుగుతుంది, నాన్నగారు సంతోషిస్తారు. కానీ ఆయన సాధారణమైన గృహస్థు కాదు, పదిమందిలో తిరిగే మనిషి. గ్రంథాలయం లెటర్‌హెడ్ మీద గ్రాంటు కోసం అర్జీలు వెళ్తాయి, పత్రికల్లో సభ వార్త వస్తుంది. ఎవరో ఒక విలేఖరి ఆ సంస్థ పేరు వెతకడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు ఆయన ముప్పై ఏళ్ల సేకరణ పక్కకు పోయి, ‘నకిలీ డాక్టరేట్ మాస్టారు’ అన్న మాట మిగులుతుంది. ఈ ప్రమాదం ఊహించి చెబుతున్నది కాదు. 2023 ఫిబ్రవరిలో చెన్నైలో ఒక ప్రైవేటు సంస్థ అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలోని సభామందిరం తీసుకుని, పేరున్న కళాకారులకు గౌరవ డాక్టరేట్లు పంచింది. వేదిక మీద ఒక విశ్రాంత న్యాయమూర్తి కూడా ఉన్నారు. తమకు దీంతో సంబంధం లేదని విశ్వవిద్యాలయం పోలీసులకు ఫిర్యాదు చేసేసరికి, పట్టాలు అందుకున్నవారి పేర్లు వార్తల్లో నలిగాయి. ఈ ఉదంతం మీ నాన్నగారికి చెప్పండి. అంతటివారే ఏమరపాటున పడ్డారని వింటే, తాను పడినందుకు ఆయనకు అంత చిన్నతనంగా అనిపించదు.

నాన్నగారికి ఏమీ చెప్పకుండా ప్రూఫులో ‘డా.’ను మీరే కొట్టేయడం రెండో దారి. చాలామందికి ఇది తేలికగా తోస్తుంది. నాకు నచ్చలేదు. ఆహ్వాన పత్రిక చేతికి రాగానే ఆయన ముందు చూసేది తన పేరే. కూతురు తీసేయించిందని తెలిస్తే, కారణం తెలియక, మీరు భయపడుతున్న ఆ ‘అసూయ’ అన్న మాటే ఇంట్లో మొదలవుతుంది.

మూడోది ఆయనతో మాట్లాడటం. దానికి ముందు మీ అన్నయ్యతో మాట్లాడాలి. ఇక్కడ రెండు నిజాలున్నాయని గమనించండి. ఆ సంస్థకు డాక్టరేట్ ఇచ్చే అధికారం లేదన్నది ఒకటి. దాని కోసం డబ్బు చేతులు మారిందన్నది రెండోది. మొదటిది నాన్నగారికి తెలియాలి, చెప్పడానికి మీరు తగినవారు, ఎందుకంటే విశ్వవిద్యాలయాల వ్యవహారం మీకు వృత్తిరీత్యా తెలుసు. రెండోది మీ అన్నయ్య చెప్పుకోవలసిన మాట. ఆయన ప్రేమతోనే చేశారు, ఆయనా మోసపోయారు. “నేను చెప్పేస్తాను” అని బెదిరించకండి. “నువ్వు పక్కన ఉంటే నాన్నకు ధైర్యంగా ఉంటుంది” అనండి. ఆయన ఒప్పుకోకపోతే మొదటి నిజం మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. అయితే నాన్నగారు “వాళ్లు డబ్బు తీసుకున్నారా?” అని నేరుగా అడిగితే అబద్ధం ఆడకండి. “అన్నయ్యను అడగండి” అన్న సమాధానం చాలు. ఆ సమాధానంతోనే ఆయనకు సగం అర్థమవుతుందన్న సంగతి అన్నయ్యకు ముందే చెప్పి ఉంచండి, అప్పుడు ఆయనే ముందుకు వచ్చే అవకాశం ఎక్కువ.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు మీ పీహెచ్.డి. ప్రస్తావన తేకండి. నాలుగు మాటలు అయ్యేసరికి అది తండ్రీకూతుళ్ల పట్టాల పోటీ అయిపోతుంది. ఆయన పుస్తకాల దగ్గర మొదలుపెట్టండి. “మీ దంపుళ్ల పాటల పుస్తకం నా పరిశోధనకు పనికొచ్చింది, ఈ కాగితం ఇచ్చినవారిలో ఒక్కరైనా ఆ పుస్తకం తెరిచి చూశారా నాన్నా?” అని అడగవచ్చు, అది నిజమైతేనే. సర్టిఫికెట్ మీది ముద్రలు, సంతకాలు ఆయన చేతే చదివించండి. జీవితమంతా పిల్లల చేత పాఠ్యభాగాలు చదివించి అర్థం చెప్పించిన మనిషికి మీరు తేల్చి చెప్పనక్కరలేదు, తానే పోల్చుకుంటారు. ఒకరోజు అలగవచ్చు, అన్నం మానేయవచ్చు. అందుకే ప్రూఫు వెనక్కి ఇవ్వడానికి కనీసం వారం ముందు ఈ మాట జరగాలి.

తెలిశాక ఆయన ఏం చేస్తారన్నది ఆయన ఇష్టం. ‘డా.’ తీయించేస్తే సభకు కొత్త సందర్భం వెతకనక్కరలేదు. డెబ్బై ఐదేళ్లు నిండాయి, పాటలు సేకరించారు, గ్రంథాలయం నిలబెట్టారు, ఇన్ని తరాలకు చదువు చెప్పారు. పాత విద్యార్థులు తమ తరఫున ఒక బిరుదు ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి. సభలు బిరుదులివ్వడం మన సంప్రదాయంలో ఉన్నదే, జాషువా గారిని ‘కవికోకిల’ అన్నది అలాగే కదా. దాన్ని ఎవరూ విశ్వవిద్యాలయ పట్టాగా పొరబడరు. ఒకవేళ ఆయన మొండికేసి “నా పేరు ముందు ఉండవలసిందే” అంటే, సభను మీరు ఆపలేరు, ఆపనూ కూడదు. కూతురిగా వెళ్లి ముందు వరసలో కూర్చోండి. అధ్యాపకురాలిగా మీ సంతకం మాత్రం మీ చేతిలో ఉంది.

ముందుమాట సంగతి అక్కడే తేలుతుంది. కింద మీ పేరు ముందు ‘డా.’ ఉండి, పైన నాన్నగారి పేరు ముందూ ‘డా.’ ఉంటే, చదివేవారు మీ పట్టాను ఆయన పట్టాకు పూచీగా తీసుకుంటారు. మీ విద్యార్థులు, రేపు మీ దగ్గర పరిశోధనకు వచ్చేవారు కూడా ఆ సంచిక చదువుతారు. కాబట్టి ముందుమాట రాయండి, ఆయన పేరును మాత్రం ఊరంతా పిలిచినట్టు ‘మాస్టారు’ అనే రాయండి, మీ పేరు కింద ‘కుమార్తె’ అని పెట్టుకోండి. సంచికలో మిగతా చోట్ల ‘డా.’ ఉంచుతామని నిర్వాహకులు పట్టుబడితే, ముందుమాట మానేసి, ఆయనతో కలిసి పాటల కోసం తిరిగిన రోజుల గురించి ఒక వ్యాసం ఇవ్వవచ్చు. రాయకుండా ఉండిపోవడమూ ఒక దారే గానీ, డెబ్బై ఐదేళ్ల తండ్రి సంచికలో కూతురి పేరు లేకపోవడం తర్వాత మిమ్మల్నే ఎక్కువ బాధిస్తుంది.

గ్రంథాలయం లెటర్‌హెడ్ గురించి కమిటీ కార్యదర్శితో నాన్నగారే మాట్లాడటం మర్యాద. ఇప్పటికే బయటికి వెళ్లిన అర్జీలుంటే, ఇకపై వెళ్లేవాటిలో సరిచేస్తే సరిపోతుంది. ఎక్కడైనా ‘విద్యార్హత’ గడిలో డాక్టరేట్ అని నింపి ఉంటే మాత్రం దాన్ని రాతపూర్వకంగా సవరించుకోవాలి. అలంకారంగా రాసిన అక్షరాలకూ, అర్హతగా ప్రకటించిన అక్షరాలకూ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది.

ఆ సంస్థ మీద ఫిర్యాదు చేయాలా అన్నది సభ అయ్యాక ఆలోచించండి. యూజీసీకి రాయవచ్చు, పోలీసులకు ఇవ్వవచ్చు. ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి వస్తుందని నేను హామీ ఇవ్వలేను, నాన్నగారి పేరు ఆ కాగితాల్లోకి వెళ్తుందన్నది కూడా మీరు తూచుకోవాలి. చేయకపోతే వచ్చే నెల మరో ఊరి మాస్టారు అదే హోటల్లో అదే గౌను వేసుకుంటారు. చేయాలనుకుంటే మాత్రం ఫిర్యాదు మీ అన్నయ్య పేరుతో వెళ్లడం మంచిది, డబ్బు కట్టిన రసీదు, వాళ్లతో నడిచిన వాట్సాప్ సంభాషణ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి గనుక. వాటిని చెరిపేయవద్దని ఈరోజే ఆయనకు చెప్పండి.